మంచినీళ్ళ బాకీ

నేను పనిచేసే బడిలో మార్చి దాటితే హాజరుపట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదురుగా సున్నాలు ఎక్కువవుతాయి. ఒంటిపూట బడి. ప్రార్థన అయిపోయాక వగర్చుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లను "ఎందుకమ్మా ఆలస్యం?" అని అడిగితే, "ట్యాంకరు రాలేదు సార్, నీళ్ళకు పోయొచ్చినా" అంటుంది. ఆ మాట విన్నాక కోప్పడలేను. లోపలికి రమ్మంటాను. మా అక్క కూడా ఇట్టాగే గుమ్మం దగ్గర నిలబడి నిలబడి ఒకరోజు బడికి రావడమే మానేసింది. అది 1994. అప్పుడు అక్క ఐదో తరగతి, నేను ఒకటో తరగతి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు పల్లెలో చిన్న సభ పెట్టి దండ వేశారు. కష్టపడి చదివాడన్నారు. కష్టపడ్డమాట నిజమే. నేను పుస్తకం పట్టుకుని కూర్చున్న పొద్దుల్లో బిందె పట్టుకుని నడిచిందెవరో ఆ సభలో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ మాట ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉంది. అందుకే మా పల్లె నీళ్ళ చరిత్ర నాకు తెలిసినంతలో రాస్తున్నా.

మా ఊరు నెల్లూరు జిల్లాలో సముద్రానికి మూడు మైళ్ళ దూరం. ఊరికీ సముద్రానికీ మధ్య బకింగ్‌హామ్ కాలువ. ఊరికి తూర్పున, కాలువ దగ్గర పల్లంలో మా పల్లె. తుపానుకు నీళ్ళు పొంగితే ముందు మా ఇళ్ళల్లోకే వస్తాయి. తాగే నీళ్ళు మాత్రం అన్ని ఇళ్ళూ తిరిగి ఆఖర్న మా దగ్గరికి రావాల.

మా అవ్వ చిన్నతనంలో ఊరంతటికీ మంచినీళ్ళ బావి ఒకటే. ఆ బావి గట్టు మావాళ్ళు తాకకూడదు. తెల్లారకముందే కడవలు తీసుకుపోయి దూరంగా వరసలో పెట్టి నిలబడాల. ఊళ్ళో ఆడమనిషి ఎవరన్నా దయతలచి చేదతో తోడి, కడవకు తగలకుండా పైనుంచి పోయాల. సగం కడవలోకి, సగం నేలమీదికి. ఎవరికీ దయ పుట్టని రోజు ఎండెక్కిందాకా నిలబడి ఉత్త కడవతో తిరిగొచ్చేది. "మనం తాకితే మైలపడే నీళ్ళు వాళ్ళ గొడ్లు మూతిపెడితే మైలపడవు గదరా నాయనా. గొడ్డుకన్నా మనం ఏంట్లో తక్కవో ఆ దేవుడికే తెలియాల" అనేది.

దేవుడి మాట వచ్చింది కాబట్టి మా జిల్లా చరిత్రలో ఒక సంగతి చెప్పాలి. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనుల్ని రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. 2008లో ఆయన పేరే జిల్లాకు పెట్టారు. ఆ దీక్షను నేను తక్కువచేసి మాట్లాడను. మా అవ్వకు మాత్రం ఆ సంగతి చెబితే నవ్వేది. "గుళ్ళోకి పోకపోతే ఎవురూ సావరు. నీళ్ళు లేకపోతే సస్తారు. బావికాడ ఎవురన్నా పస్తుంటే బాగుండేది" అనేది.

బావికాడ పోరాడినవాడు ఒకడున్నాడని అవ్వకు చాలాకాలం తెలియదు. మూలాపేట దీక్షకు పంతొమ్మిదేళ్ళ ముందే, 1927 మార్చి 20న, బొంబాయి రాష్ట్రంలోని మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి చౌదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు. ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులూ చెరువులూ అందరివీ అని 1923లోనే అక్కడి శాసనమండలి తీర్మానం చేసింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాయితం మీద ఉన్న హక్కును చేతుల్లోకి తీసుకున్నందుకు మనవాళ్ళ తలలు పగలగొట్టారు. చెరువుకు మైల తగిలిందని ఆవుపేడ, ఆవు మూత్రం పోసి శుద్ధి చేశారు. కోర్టులో పదేళ్ళు నలిగి 1937లో హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది. ఒక్క దోసెడు నీళ్ళకు పదేళ్ళు!

తర్వాత ఆయనే రాసిన రాజ్యాంగంలో పదిహేనో అధికరణం బావుల మాట, చెరువుల మాట, స్నానఘట్టాల మాట పేరుపెట్టి చెప్పింది. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. బావి దగ్గర అడ్డంపడితే ఆరునెలల దాకా జైలు అని అందులో ఉంది. మా ఊరి బావి గట్టుమీద కూర్చునేవాళ్ళకు ఆ చట్టం ఎవరూ చదివి వినిపించలేదు.

మావాళ్ళు తమ దారి తాము వెతుక్కున్నారు. సముద్రం పక్క ఇసకనేలలో మంచినీళ్ళు ఎట్టా దొరుకుతాయో మాకూ, యానాదులకూ, పట్టపోళ్ళకూ తరతరాలుగా తెలుసు. వానకు ఇసకలోకి దిగిన తీపినీళ్ళు తేలిక. అడుగున సముద్రపు ఉప్పునీళ్ళు బరువు. పాలమీద మీగడలాగా తీపినీళ్ళు పైన నిలబడతాయి. ఆరేడు అడుగులు తవ్వి, అంచులకు తాటిమొద్దులు పేర్చి, ఆ పై నీళ్ళు మాత్రమే ముంచుకునే గుంతను మేం దొరువు అంటాం. దొరువుకు లెక్కుంది. ఊరినంత వరకే ముంచాల. లోతు తవ్వినా, తొందరపడి తోడేసినా అడుగునుంచి ఉప్పు లేస్తుంది. ఈ లెక్క ఏ ఇంజనీరు చెప్పకుండానే మా అవ్వకు వచ్చు. "మీగడ తియ్యాల గానీ కుండ కలబెట్టగూడదు" అని కోడళ్ళకు చెప్పేది.

ఎండాకాలం దొరువు కూడా చాలేది కాదు. 1950ల చివర్లో ఒక అధికారి జీపులో ఊరికి క్యాంపు వచ్చినప్పుడు మా అవ్వా ఇంకో పదిమంది ఆడవాళ్ళూ దారికడ్డంగా ఉత్త కడవలు బోర్లించి కూర్చున్నారంట. మగవాళ్ళు భయపడి రాలేదు. రెడ్ల చేలల్లో కూలి పోతుందని భయం. కూలి పోయింది కూడా, ఆ కోతలకు పల్లెనెవరూ పిలవలేదు. ఏడాదికి పల్లెలో ఒక బావి శాంక్షనయింది. ఆ బావి నీళ్ళు తాగి మా నాయన పెరిగాడు. పెద్దయ్యాక నాకర్థమైంది. ఊరి బావిలో మాకు వాటా ఇవ్వకుండా తప్పించుకోడానికి కూడా ఆ పల్లె బావి వాళ్ళకు పనికొచ్చింది. 'మీకూ ఉందిగా' అనే మాట ఆనాటి నుంచే మొదలు. అయినా ఆ పదిమంది కూర్చోకపోతే అదీ వచ్చేది కాదు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. బావి మీద ప్రెసిడెంటు పేరుంది.

నేను పుట్టక మూడేళ్ళ ముందు, 1985 జులైలో, మా జిల్లాకు ఉత్తరాన కారంచేడులో నీళ్ళ దగ్గరే నెత్తురు పారింది. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే పల్లె కుర్రవాడు వద్దన్నాడు. వాణ్ణి కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్తమ్మ ఊరుకోలేదు. తన బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మరునాడు జులై 17న వందలమంది పల్లెమీద పడి, ఆరుగురు మాదిగలను తరిమి చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు.

అప్పుడు మా పల్లెలో ఇంటికి శేరు బియ్యం వసూలు చేశారు. మా నాయన ఇంకో ఇద్దరితో కలిసి బిట్రగుంటలో రైలెక్కి ఆ మూట చీరాల చేర్చొచ్చాడు. చదువురాని మనిషి. ఆ శిబిరంలో కత్తి పద్మారావు మాటలు విన్నాడు. ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగం వదిలేసుకుని బొజ్జా తారకం మనకోసం నిలబడ్డాడని చెప్పుకుంటుంటే విన్నాడు. సెప్టెంబర్ 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. మా నాయన తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన అంబేద్కర్ పటం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అవ్వ ఆ పటం చూసి "ఈయనేనా నీళ్ళు తాగినాయన?" అని అడిగిందంట. కారంచేడు కేసు ఎన్నేళ్ళు నడిచిందో పిల్లలకు చెబితే నమ్మరు. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవైమూడేళ్ళకు.

చరిత్ర పాఠాల్లో ఉద్యమానికి నాయకుడెవరని అడుగుతారు. పద్మారావు, తారకం పేర్లు రాయాలి. వాళ్ళు లేకపోతే ఆ నెత్తురు ఆ పల్లెలోనే ఇంకిపోయేది. వాళ్ళకన్నా ఒకరోజు ముందు, ఏ సంఘమూ లేకుండా, ఏ చట్టమూ తెలియకుండా బిందె ఎత్తిన సువార్తమ్మ పేరు మొదటి వరసలో రాయాలంటాను నేను.

ఆ పోరాటాల వెనకే 1989లో షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మేం మామూలుగా వాడుకునే నీళ్ళను పనికిరాకుండా పాడుచెయ్యడం నేరమని అందులో రాశారు. కారంచేడు చెరువు దగ్గర జరిగినదానికి సరిగ్గా సరిపోయే మాట. ఆ చట్టం అమల్లోకొచ్చిన ఏడాది 1990. సరిగ్గా అప్పుడే మా తీరానికి రొయ్య వచ్చింది.

మొదట అందరం సంతోషపడ్డాం. ఎకరాకు ఏటా కౌలు ఇస్తామని పట్నాలనుంచి మనుషులు కార్లలో దిగారు. ఉప్పుకయ్యలూ వరికయ్యలూ ఒకటే తవ్వుడు. మా పల్లెకిచ్చిన అసైన్‌మెంటు భూములు కూడా కౌలు కాయితాల మీద గుంటలైపోయాయి. మా నాయన గుంటమీద కావలి కుదిరాడు. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని తిరిగితే నెలకింత జీతం. ఆ జీతంతోనే నాకు పలకా బలపం వచ్చాయి. ఇది దాచిపెట్టి రాస్తే అబద్ధమవుతుంది.

టైగర్ రొయ్యకు ఉత్త ఉప్పునీళ్ళు సరిపడవు, తీపినీళ్ళు కలపాల. అందుకని క్రీకునుంచి ఉప్పునీళ్ళూ, బోర్లు వేసి భూమిలో తీపినీళ్ళూ మోటార్లతో తోడి గుంటలు నింపారు. మా అవ్వ చెప్పిన మీగడంతా రొయ్యలకు పోయింది. కింద ఉప్పు లేచింది. పైనుంచి గుంటల ఉప్పు ఇంకింది. మేతా, మందులూ కలిసిన మురుగునీళ్ళు కాలువలోకి వదిలారు. 1993కి దొరువు చప్పబడింది. 1994కి పల్లె బావిలో నీళ్ళతో అన్నం వండితే నోట్లో పెట్టలేకపోయాం. పప్పు ఉడకలేదు. గొడ్లు మూతిపెట్టి వెనక్కి తీసుకున్నాయి.

ఇంక నీళ్ళకు రెండు కిలోమీటర్లు పడమరగా, మాగాణి దాటి పోవాల. అమ్మ కూలికి పోవాల. నాయన పగలు పడుకోవాల. నాకు ఆరేళ్ళు, పైగా మగపిల్లాణ్ణి. మిగిలింది అక్క. బడి మాన్పించాలని ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. ఒకరోజు నీళ్ళకు పోయింది, మరునాడూ పోయింది, అంతే.

మా జిల్లా ఆడవాళ్ళు అప్పటికి ఊరికే ఉండే స్థితిలో లేరు. 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చి పల్లెపల్లెనా రాత్రిబళ్ళు పెట్టారు. ఆ బళ్ళలో కూర్చున్న దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మను ముందు పెట్టుకుని సారాకొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. మా పల్లె రాత్రిబడిలో సంతకం నేర్చుకున్న ఆడవాళ్ళే నీళ్ళ అర్జీ మీద సంతకాలు పెట్టారు. మా అమ్మ జీవితంలో మొదటి సంతకం ఆ అర్జీ మీదే. మా జిల్లాలోనే కుర్రు అనే ఊళ్ళో రొయ్యల గుంటలవల్ల మత్స్యకారులకు తాగడానికి చుక్క లేకుండా పోతే ఆడవాళ్ళు లేచి గొడవ చేశాక ట్యాంకర్లతో నీళ్ళు తోలారని ఆ కాలపు నివేదికల్లో ఉంది. మా పల్లె పేరు ఏ నివేదికలోనూ లేదు గానీ, మా దగ్గరా అదే జరిగింది. బిందెలతో రోడ్డుమీద కూర్చున్నారు. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చింది. ముందు ఊళ్ళో ఆగి, మిగిలింది పల్లెకొచ్చేది.

అమ్మ రోడ్డుమీద కూర్చున్న రోజు నాయన గుంటమీద కావలి ఉన్నాడు. "నీ మొగుడు కూడు తినేది ఆడే, నువ్వు ఈడ అరిచేదేంది?" అని గుంటల మేస్త్రీ అమ్మనడిగాడు. "కూడు ఆడ తింటే, నీళ్ళు యాడ తాగాల?" అని అమ్మ అడిగింది. నాయన పని పోయింది.

ఇదే కాలంలో తమిళనాడు తీరంలో, నాగపట్నం వైపు, ఇట్టాంటి పోరాటమే పెద్దయెత్తున నడిచింది. దాన్ని నడిపింది సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్, ఆయన భార్య కృష్ణమ్మాళ్. కృష్ణమ్మాళ్ దళిత కూలీల ఇంట 1926లో పుట్టిన మనిషి. 1968 క్రిస్మస్ రాత్రి కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టాక ఆ దంపతులు ఆ ప్రాంతానికి పోయి, కూలీలకు, ముఖ్యంగా ఆడవాళ్ళ పేరుమీద, భూములిప్పించే పని పెట్టుకున్నారు. అట్టా సంపాదించిన నేలల పక్కకే రొయ్య వచ్చిపడింది. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టుకు పోయాడు. ఆ కేసులో మా ఆంధ్ర తీరం కూడా ఉంది. నాగపూరునుంచి నీరీ సంస్థ నిపుణులు వచ్చి తీరం చూశారు. ఆంధ్రలో రొయ్యలవల్ల వచ్చే రాబడికన్నా జరిగే నష్టం నాలుగింతలని లెక్క తేల్చారు. ఆ నష్టంలో మా అక్క చదువు ఏ గడిలో వేశారో నాకు తెలియదు.

1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు ఇచ్చారు. తీరప్రాంత నియంత్రణ మండలిలో, అంటే పోటునీటి గీతనుంచి 500 మీటర్లలోపు, సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా గుంటలన్నీ 1997 మార్చి 31లోగా తీసెయ్యాలన్నారు. పులికాట్, చిలక సరస్సులకు వెయ్యి మీటర్లలోపు కూడా కూడదన్నారు. పంటభూములు, ఉప్పుకయ్యలు, ఊరుమ్మడి నేలలు గుంటలుగా మార్చకూడదన్నారు. పాడుచేసినవాళ్ళే నష్టం కట్టాలన్నారు. పని పోయే కార్మికులకు పరిహారం ఇవ్వమన్నారు. మస్టరులో పేరే లేని కావలివాడికి ఏమొస్తుంది?

ఆ తీర్పు చదివితే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అది నేలమీద నడవలేదు. గడువు తీరకముందే పార్లమెంటులో బిల్లు పెట్టారు. తీర్పు అమలు ఆగింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చి, రిజిస్టరు చేయించుకున్న గుంటలకు దారి చూపించింది. మా ఊళ్ళో మొదటి విడత గుంటల్ని మూయించింది కోర్టు కాదు, తెల్లమచ్చ రోగం. రొయ్యలు చచ్చాయి, కార్లు వెళ్ళిపోయాయి, ఉప్పు మిగిలింది. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చింది, మళ్ళీ మోటార్లు మోగాయి.

ఇక్కడ నాకొక ప్రశ్న ఉంది. 1989 చట్టం ప్రకారం మా నీళ్ళు పాడుచెయ్యడం నేరం. చెరువులో కుడితి బకెట్టు కడిగినవాడు కంటికి కనిపిస్తాడు. మా దొరువులో ఎవరూ బకెట్టు ముంచలేదు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, తాకొద్దనలేదు. మోటారు నడిచింది, నీళ్ళు పోయాయి. అర్జీ తీసుకుని పోతే 'ఇది కులం సంగతి కాదు, పర్యావరణం సంగతి' అన్నారు. ఆ ఆఫీసుకు పోతే 'ఇది నీటిసరఫరా సంగతి' అన్నారు. గుంటలు పల్లం పక్కనే ఎందుకొచ్చాయి, పల్లంలో పల్లె ఎందుకుంది, ఊరివాళ్ళు బోరు ఎక్కడ వేసుకున్నారు, ట్యాంకరు ముందెక్కడ ఆగింది? వీటిల్లో ఏ ఒక్కదానికైనా కులం లేకుండా జవాబు చెప్పగలరా? అవ్వ కాలంలో అంటు పేరుతో నీళ్ళు ఆపారు. అక్క కాలంలో ఉప్పుతో ఆపారు. ఆగింది మాత్రం ఒకే పల్లెకు.

ఇప్పుడు పల్లెలో కొళాయిలున్నాయి. మనిషికి రోజుకు 55 లీటర్లని జల్ జీవన్ మిషన్ లెక్క. కొళాయిలో వచ్చేవి గిన్నెలు కడగడానికి పనికొస్తాయి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటాం. ఎండాకాలం ట్యాంకరు కోసం చూస్తాం. డబ్బులున్న ఇంట్లో పిల్ల టైముకు బడికొస్తుంది. లేని ఇంట్లో పిల్ల గుమ్మం దగ్గర నిలబడుతుంది.

ఈ వ్యాసం రాసేముందు అక్క దగ్గరికి పోయాను. 2000లో పెళ్ళయిందాకా ఆరేళ్ళు నీళ్ళు మోసింది. నాలుగు కిలోమీటర్లు రానూపోనూ, రోజుకు మూడుసార్లు. పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి కదా, ఆమె ముందే కాయితం మీద వేశాను. 26,280 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత నలభైవేలు. అక్క ఆ అంకె చూసి, "అంత దూరం నడిచి మన ఇల్లు దాటి యాడికీ పోలేదు గదరా" అంది. కాసేపాగి, "నా పేరు రాయబాక. రాస్తే ఆ రోజు రోడ్డుమీద కూర్చున్నోళ్ళందరివీ రాయి. నేను చెప్తా, రాసుకో" అంది.

పద్నాలుగు పేర్లు చెప్పింది. ఐదుగురు చనిపోయారు. ఈ పుస్తకంలో ఆ పేర్లు వెయ్యడం లేదు. బతికున్నవాళ్ళు ఇంకా అదే ఊళ్ళో, అవే చేలల్లో కూలికి పోవాలి. ఆ కాయితం నా హాజరుపట్టీలో పెట్టుకున్నా. మొన్న ఆలస్యంగా వచ్చిన పిల్ల ఇంటిపేరు చూస్తే, ఆ పద్నాలుగు మందిలో ఒకామె మనవరాలు. ఆ రోజు పట్టీలో ఆ పిల్లకు హాజరు వేశాను.